ఆరువేల సార్లు చెప్పిన గోల్కొండ కథ

అలీ హఫెడ్ పొలమూ, తోటలూ, వడ్డీకి తిప్పే డబ్బూ ఉన్న ఆసామి. దేనికీ లోటు లేదు. ఒక సాయంత్రం ఇంటికొచ్చిన ముసలి బౌద్ధ భిక్షువు వజ్రాలంటే ఏమిటో, అవి ఎంత విలువ చేస్తాయో చెప్పేసరికి ఆ రాత్రి అతనికి కంటి మీద కునుకు లేదు. తెల్లారేసరికి తాను బీదవాడినన్న దిగులు పట్టుకుంది. పొలం అమ్మేశాడు, ఇంటివాళ్లను పొరుగువాళ్లకు అప్పగించాడు, వజ్రాల వేటలో దేశాలు పట్టుకు తిరిగాడు. ఉన్నదంతా హరించుకుపోయి, ఒంటి మీద చింకి గుడ్డలు మిగిలాక, స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గర సముద్రంలో దూకి చనిపోయాడు. ఇక్కడ అతని పొలం కొన్నవాడు ఒంటెకు నీళ్లు పట్టడానికి తోటలోని వాగు దగ్గరికి వెళితే, తెల్లటి ఇసుకలో నల్లరాయి ఒకటి తళుక్కుమంది. అది వజ్రం. ఆ తోటే గోల్కొండ గని అయింది.

ఈ కథను వేదిక మీద చెప్పినవాడు రసెల్ కాన్వెల్. అమెరికాలో 1843లో పుట్టి, అంతర్యుద్ధంలో కెప్టెన్‌గా పనిచేసి, లాయరుగా, విలేకరిగా కొంతకాలం గడిపి, చివరికి ఫిలడెల్ఫియాలో బాప్టిస్టు పాస్టర్‌గా స్థిరపడ్డాడు. 1870లో టైగ్రిస్ నది వెంట ప్రయాణం చేస్తూ, బాగ్దాద్‌లో కుదుర్చుకున్న గైడ్ నోట ఈ కథ విన్నానని చెప్పేవాడు. దాని చుట్టూ ‘ఎకరాల కొద్దీ వజ్రాలు’ అనే ఉపన్యాసం అల్లాడు. మొదటిసారి దాన్ని తన పాత రెజిమెంటు సైనికుల కలయికలో చెప్పాడు. 1925లో చనిపోయేనాటికి ఆరువేల సార్లకు పైగా చెప్పాడు. మనిషికి కావలసిన సంపద అతను నిలబడ్డ చోటే, అతని ఊళ్లోనే, అతని కొట్టు ముందరే ఉందన్నది దాని సారం. వ్యాపారుల సభలకూ, సేల్స్ సమావేశాలకూ డబ్బిచ్చి పిలిపించుకునే కీలకోపన్యాసానికి మూలపురుషుడంటూ ఒకరిని చెప్పాల్సి వస్తే కాన్వెల్ పేరే చెప్పాలి.

తెలుగు పాఠకుడికి ఈ కథలో ఒక తప్పు వెంటనే తగులుతుంది. కాన్వెల్ అలీ హఫెడ్ పొలాన్ని సింధు నది దగ్గర పెట్టాడు. గోల్కొండకూ సింధు నదికీ సంబంధమే లేదు. ఆ మాటకొస్తే గోల్కొండలో గనులూ లేవు. అది కోట, రాజధాని, వజ్రాల బజారు. రాళ్లు దొరికింది ఎక్కువగా కృష్ణా తీరంలో, కొల్లూరులో, పరిటాల చుట్టుపక్కల. 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చి చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ మగా ఆడా పిల్లాజెల్లా కలిపి 60,000 మంది దాకా పని చేస్తున్నారని రాశాడు. తోటలో ఒంటెకు నీళ్లు పడుతుంటే మెరిసిన రాయి కాదది. గుంటలు తవ్వి, మట్టి మోసి, కడిగి, ఆరబెట్టి, గులకల్లోంచి ఏరి తీసిన రాయి. ఆ కొల్లూరు నేల ఇవాళ పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

ఇన్ని వేల సభల్లో ఎంతమంది విన్నా ఈ తప్పు ఎవరికీ అడ్డం రాలేదు. వాళ్లు భూగోళం నేర్చుకోవడానికి రాలేదు మరి. ఎందుకొచ్చారో, కాన్వెల్ వాళ్లకు ఏమిచ్చాడో తెలియాలంటే ముందు ఈ ఉపన్యాస వృత్తి ఎలా పుట్టిందో చూడాలి.

1826లో మసాచుసెట్స్‌లోని మిల్‌బరీ అనే ఊళ్లో జోసయా హోల్‌బ్రూక్ అనే ఆయన ‘లైసియం’ అనే సంఘం పెట్టాడు. రైతులూ పనివాళ్లూ చలికాలపు సాయంత్రాలు ఒకచోట చేరి ఒకరికొకరు తెలిసింది చెప్పుకోవడం దాని పని. పదేళ్లు తిరక్కుండానే ఇలాంటి సంఘాలు వేలల్లోకి పెరిగాయి. మొదట్లో ఊరి టీచరో, డాక్టరో మాట్లాడేవాడు. తర్వాత బయటి ఊళ్ల పెద్దలను పిలవడం మొదలైంది. ఎమర్సన్ లాంటి తత్వవేత్త తన జీవితంలో దాదాపు 1,500 ఉపన్యాసాలు ఇచ్చాడంటే అందులో ఎక్కువ భాగం ఈ సంఘాల పుణ్యమే.

దీన్ని వ్యాపారంగా మార్చింది జేమ్స్ రెడ్‌పాత్. స్కాట్లండ్ సరిహద్దు ఊరు బెరిక్‌లో పుట్టి అమెరికా చేరిన జర్నలిస్టు, బానిసత్వాన్ని తీవ్రంగా ఎదిరించినవాడు. చార్లెస్ డికెన్స్ 1867 డిసెంబరు నుంచి 1868 ఏప్రిల్ దాకా అమెరికాలో తిరిగి తన నవలలు చదివి వినిపించాడు. టికెట్ల కోసం జనం చలిలో రాత్రంతా వరసల్లో నిలబడ్డారు. డబ్బు బాగానే వచ్చింది కానీ ఆ ఏర్పాట్ల అవస్థలు, రైళ్లు, హోటళ్లు, టికెట్ల దళారులు డికెన్స్‌ను నలిపేశాయి. ఆ కష్టం చూసే రెడ్‌పాత్‌కు ఆలోచన తట్టిందంటారు. 1868లో బోస్టన్‌లో ఆఫీసు తెరిచాడు. వక్తల పేర్లతో జాబితా వేసి ఊరూరా పంపాడు. ఎవరు ఏ తేదీన ఏ ఊళ్లో మాట్లాడాలో, ఏ రైలు ఎక్కాలో అతనే చూసేవాడు. ఫీజులో పది శాతం అతని కమీషను. ఇవాళ పెద్ద నగరాల్లో వక్తలను కుదిర్చే ఏజెన్సీలన్నీ ఇంకా ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి, కమీషను మాత్రం పెరిగింది.

రెడ్‌పాత్ జాబితాలో ఫ్రెడరిక్ డగ్లస్ ఉన్నాడు, అన్నా డికిన్సన్ ఉంది, మార్క్ ట్వేన్ ఉన్నాడు. ట్వేన్ 1866 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో హవాయి దీవుల గురించి తొలి ఉపన్యాసం ఇచ్చినప్పుడు భయంతో మిత్రులను హాల్లో అక్కడక్కడా కూర్చోబెట్టి, నవ్వాల్సిన చోట నవ్వమని ఒప్పందం చేసుకున్నాడు. చలోక్తి మనిషి, ఏదో అప్పటికప్పుడు తోచింది మాట్లాడతాడు అనిపించేలా మాట్లాడటం వెనక అంత ఏర్పాటు ఉంది. ఆ కాలపు వక్తలు కొత్త ఉపన్యాసాన్ని నేరుగా బోస్టన్‌కు తీసుకెళ్లేవారు కారు. ముందు చిన్న ఊళ్లలో చెప్పి చూసుకుని, జనం కదలని చోట కోసేసి, నవ్వు పండిన చోట ఇంకో క్షణం ఆగడం నేర్చుకుని, అప్పుడు బోస్టన్ మ్యూజిక్ హాలు ఎక్కేవారు. తన ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసినప్పుడు ట్వేన్ అప్పులు తీర్చడానికి నమ్ముకున్నది కూడా ఈ నోటినే. 1895లో ప్రపంచ యాత్రకు బయల్దేరి, 1896 మొదటి నెలల్లో బొంబాయి, అలహాబాద్, కలకత్తా లాంటి ఊళ్లలో మాట్లాడాడు. రెండేళ్లకల్లా బాకీలన్నీ తీర్చాడు.

కాన్వెల్ దగ్గర ట్వేన్ చమత్కారం లేదు. అతని బలం ఇంకోచోట ఉంది.

ఏ ఊళ్లో సభ ఉన్నా అతను వీలైనంత ముందుగా రైలు దిగేవాడు. పోస్టుమాస్టరును కలిసేవాడు. మంగలి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పించుకునేవాడు. హోటలు యజమాని, బడి ప్రిన్సిపాలు, చర్చి పాస్టర్లు, తర్వాత ఫ్యాక్టరీలూ దుకాణాలూ. ఊళ్లో ఏం తయారవుతుంది, ఏ మిల్లు మూతపడింది, ఎవరు చిన్నగా మొదలుపెట్టి బాగుపడ్డారు, ఊరికి ఏ అవకాశం వచ్చి చేజారింది, ఇవన్నీ అడిగి తెలుసుకునేవాడు. సాయంత్రం వేదిక ఎక్కినప్పుడు అలీ హఫెడ్ కథ అదే, దాని వెనక వచ్చే ఉదాహరణలు మాత్రం ఆ ఊరివి. వింటున్నవాళ్లకు తమ వీధి పేరు, తమ ఎరుకలోని మనిషి పేరు వినబడేది. ఆరువేల సార్లు చెప్పినా ఉపన్యాసం పాతబడకపోవడానికి కారణం ఇదేనని అతను స్వయంగా రాసుకున్నాడు. ఈ విషయంలో అతని మాట నమ్మదగినదే. ఈనాడు కంపెనీల వార్షిక సమావేశాలకు వెళ్లే వక్తల్లో శ్రద్ధ ఉన్నవాళ్లు వారం ముందే ఫోనుచేసి, ఎవరొస్తున్నారు, ఈ ఏడు ఏం కలిసొచ్చింది, ఏది దెబ్బతీసింది అని నిర్వాహకులను అడుగుతారు. ఆ పని మానేసి అన్ని ఊళ్లలో ఒకే స్లయిడ్లు తిప్పేవాళ్ల సభలో జనం ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు.

ఉపన్యాసంలో ఇంకో చిన్న కథ ఉంది, వ్యాపారానికి అదే అసలు పాఠం. కాన్వెల్ తండ్రికి పల్లెటూళ్లో కొట్టు ఉండేది. తండ్రి లేనప్పుడు కుర్రాడు కొట్లో కూర్చునేవాడు. ఒకడు వచ్చి, మడత చాకులున్నాయా అని అడిగాడు. లేవు అని కుర్రాడు ఈల వేసుకుంటూ తన పనిలో పడ్డాడు. ఇంకో రైతు వచ్చి అదే అడిగాడు. అదే జవాబు, అదే ఈల. మూడోవాడూ అంతే. ఈ ఊళ్లో అందరికీ మడత చాకులే కావాలా ఏమిటని విసుక్కున్నాడే తప్ప, ముగ్గురు అడిగారంటే తెప్పించి పెట్టాలన్న ఆలోచన రాలేదు. ఇక్కడ వక్త తన చిన్నతనపు తెలివితక్కువతనాన్నే ముందుపెట్టి, ఎదురుగా కూర్చున్న దుకాణదారును నొప్పించకుండా చెప్పాల్సింది చెప్పేశాడు. పెద్ద పెద్ద మేనేజ్‌మెంటు పుస్తకాలు వందల పేజీల్లో చెప్పే సంగతి మూడు చాకుల బేరంలో అయిపోయింది.

అయితే కాన్వెల్ చెప్పినదంతా మెచ్చుకోదగ్గది కాదు. డబ్బు సంపాదించడం మనిషి ధర్మమని చెప్పడంతో ఆగక, బీదవాడు బీదవాడిగా ఉన్నాడంటే అది చాలావరకు అతని లోపమో, ఇంకొకరి లోపమో అన్నాడు. పన్నెండు గంటల షిఫ్టులో నలిగే కార్మికుడికి తన పెరట్లో వజ్రాలున్నాయని చెప్పడం అన్యాయం. ఎంత గొప్ప వక్తయినా, హాలు నిండా ఉన్న డబ్బున్నవాళ్లకు ఇష్టమైన మాటే సత్యమని నమ్మించగలడన్న ప్రమాదం ఈ వృత్తి పుట్టుకలోనే ఉంది. కాన్వెల్ విషయంలో ఒక్కటి చెప్పుకోవాలి. ఉపన్యాసాల మీద వచ్చిన డబ్బులో ఖర్చులు మినహాయించుకుని మిగిలింది చదువుకునే బీద కుర్రాళ్లకు పంపేవాడు. పగలు పనిచేసి రాత్రి చదువుకుంటామని వచ్చినవాళ్ల కోసం 1884లో అతను మొదలుపెట్టిన తరగతులే నేటి టెంపుల్ యూనివర్సిటీ.

గోల్కొండ కథ అమెరికాలో ఊరూరా తిరుగుతున్న రోజుల్లోనే, అసలు గోల్కొండ పక్కన ఇంకో వక్త అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్నాడు. 1893 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద హైదరాబాద్ వచ్చారు. నిజాం ప్రభుత్వంలో ఇంజినీరుగా ఉన్న మధుసూదన్ చటర్జీ ఇంట్లో దిగారు. గోల్కొండ చూశారు. 13వ తేదీన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, పాశ్చాత్య దేశాల్లో తాను చేయదలచిన పని గురించి ఇంగ్లిషులో మాట్లాడారు. వెయ్యి మందికి పైగా వచ్చారు, వాళ్లలో యూరోపియన్లూ ఉన్నారు. అప్పటిదాకా ఆయన మాటలు ఎక్కువగా ఇళ్ల వసారాల్లో, చిన్న గుంపుల మధ్య సాగినవి. పెద్ద హాలులో, అన్ని రకాల శ్రోతల ముందు, పరాయి భాషలో తన గొంతు నిలబడుతుందని ఆయనకు తెలిసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. బేగంబజార్ సేఠ్లు ఆయనను కలిసి ప్రయాణ ఖర్చులకు సాయం చేస్తామన్నారు. అంటే ఆ మాటలు వర్తకుల మనసుకు కూడా ఎక్కాయి. ఏడు నెలలు తిరిగేసరికి, సెప్టెంబరు 11న, చికాగో సర్వమత సభలో ఏం జరిగిందో లోకమంతా ఎరుగును.

ఆ తర్వాతి సంగతి అంతగా చెప్పుకోరు. చికాగో సభ అయ్యాక స్లేటన్ లైసియం బ్యూరో అనే ఏజెన్సీ వివేకానందతో ఒప్పందం చేసుకుంది. ఊరు తర్వాత ఊరు, రైలు తర్వాత రైలు. ‘హిందూ సన్యాసి’ అని పోస్టర్లు వేసి, వింత చూడటానికి వచ్చినట్టు జనాన్ని రప్పించారు. ఒక ఉపన్యాసానికి 2,500 డాలర్లు వసూలైతే తన చేతికి 200 మాత్రమే వచ్చాయని, మోసపోయానని స్వదేశానికి రాసిన ఒక ఉత్తరంలో ఆయన బాధపడ్డారు. రెడ్‌పాత్ పది శాతం ఎక్కడ, ఇదెక్కడ! 1894లో డెట్రాయిట్ మిత్రుల సాయంతో ఆ ఒప్పందం నుంచి బయటపడి, మరుసటి ఏడు న్యూయార్క్‌లో ఒక మామూలు అద్దె ఇంట్లో ఫీజు లేకుండా తరగతులు మొదలుపెట్టారు. కుర్చీలు చాలక జనం నేల మీద, మెట్ల మీద కూర్చున్నారు. హాలు నింపడానికి వచ్చేవాళ్లు వేరు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు వేరు అన్నది ఆయనకు ఆ ఒక్క ఏడాదిలోనే తెలిసిపోయింది.

కొత్త శతాబ్దంలో ఉపన్యాసం గుడారాల్లోకి, అక్కణ్ణుంచి కంపెనీల్లోకి వెళ్లింది. 1904 నుంచి ‘షటాక్వా’ అనే ఉపన్యాస గుడారాలు రైళ్ల మీద ఊరూరా తిరిగాయి. 1920ల చివరికల్లా రేడియో, సినిమా, కారు వాటిని మింగేశాయి. ఈలోపు సేల్స్‌మన్ అనే కొత్త ఉద్యోగి పుట్టుకొచ్చాడు, అతనికి ఉత్సాహం ఎక్కించడానికి సమావేశాలు పెరిగాయి. 1916 జులై 10న డెట్రాయిట్‌లో ప్రపంచ సేల్స్‌మన్‌షిప్ మహాసభ జరిగితే అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ స్వయంగా వెళ్లి మాట్లాడాడు. అంతకు నాలుగేళ్ల ముందు న్యూయార్క్ 125వ వీధి వైఎంసీఏలో డేల్ కార్నెగీ అనే కుర్రాడు వ్యాపారులకు మాట్లాడటం నేర్పే రాత్రి క్లాసు పెట్టాడు. రాత్రికి రెండు డాలర్ల జీతం ఇవ్వడానికి వైఎంసీఏ వాళ్లు ఒప్పుకోకపోతే, వచ్చిన దాంట్లో వాటాకు ఒప్పుకున్నాడు. మొదటి రోజుల్లోనే పాఠం అయిపోయి చెప్పడానికేమీ మిగలక, వెనక వరసలో ఉన్నవాణ్ణి లేపి, నీకు కోపం తెప్పించిన సంగతేదో చెప్పమన్నాడు. అప్పటిదాకా కాళ్లు వణికినవాడు గడగడా మాట్లాడేశాడు. తనకు నిజంగా పట్టిన సంగతి మీద మాట్లాడేవాడికి బెరుకు ఉండదని కార్నెగీ కనిపెట్టింది అలా.

మన దేశంలో వ్యాపార సభకు కాన్వెల్ అంతటి వక్త ఎవరని అడిగితే న్యాయవాది నానీ పాల్కీవాలా పేరు చెప్పకుండా ఉండలేం. ఆయన కాన్వెల్‌లా కథలు చెప్పలేదు. తీసుకున్నది దేశంలోకెల్లా పొడిగా ఉండే విషయం, బడ్జెట్టు.

చిన్నప్పుడు ఆయనకు నత్తి ఉండేది. దాన్ని జయించి, ఇంగ్లిషు ఎం.ఏ. చేసి, లెక్చరర్ ఉద్యోగం రాకపోతే లా కాలేజీలో చేరారు. సర్ జంషెడ్జీ కాంగా దగ్గర జూనియర్‌గా ఉంటూ 1950లో ఇన్‌కంటాక్స్ చట్టం మీద ఆయనతో కలిసి రాసిన గ్రంథాన్ని ఇప్పటికీ కోర్టుల్లో తెరుస్తారు. 1956లో ఎ.డి. ష్రాఫ్ బొంబాయిలో ఫోరం ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ పెట్టారు. 1958లో ఆ వేదిక మీద, తాజ్ హోటల్ పక్కనే ఉండే గ్రీన్స్ హోటల్లోని చిన్న హాల్లో పాల్కీవాలా తొలిసారి బడ్జెట్టు మీద మాట్లాడారు. ముంధ్రా కుంభకోణంలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయడంతో ఆ ఏడు బడ్జెట్టు పెట్టింది ప్రధాని నెహ్రూనే. అంతకు ముందు ఏడు సంపద పన్ను, వ్యయం పన్ను వచ్చాయి, ఈ ఏడు బహుమతి పన్ను వచ్చింది. వ్యాపారులకు దిక్కు తోచని కాలం అది.

ఏడాదికేడాది జనం పెరిగారు, హాళ్లు చాలలేదు. చివరికి సభ బ్రబోర్న్ స్టేడియానికి మారింది. క్రికెట్ చూడటానికి కట్టిన మైదానంలో ఇరవై వేలకు పైగా జనం పన్నుల సంగతి వినడానికి వచ్చి కూర్చునేవారు. పారిశ్రామికవేత్తలే కాదు, గుమాస్తాలు, కాలేజీ విద్యార్థులు, పింఛనుదార్లు. ఆ రోజుల్లో బడ్జెట్టు ఫిబ్రవరి చివరి రోజు సాయంత్రం ఐదింటికి పార్లమెంటులో పెట్టేవారు. పాల్కీవాలా ఫైనాన్స్ బిల్లు, దాని షెడ్యూళ్లు, అంకెల పట్టికలు అన్నీ కొద్ది రోజుల్లో నమిలి జీర్ణం చేసుకుని, ఒక్క కాగితం ముక్క చేతిలో లేకుండా గంటకు పైగా మాట్లాడేవారు. ఏ సెక్షనులో ఏం మారింది, ఏ పద్దుకు ఎన్ని కోట్లు, నిరుడు ఎంత, అన్నీ కంఠతా పట్టినట్టే వచ్చేవి. అది జ్ఞాపకశక్తి ప్రదర్శన అనుకుంటే పొరపాటు. కాగితం చూడని వక్త కళ్లు జనం మీద ఉంటాయి, ఏ అంకె దగ్గర వాళ్ల మొహాలు అయోమయంగా ఉన్నాయో అతనికి కనిపిస్తుంది.

1973-74లో రెండు లక్షలు దాటిన ఆదాయం మీద పన్ను, సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. ఆ పైన సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో సంపాదించినవాడికి మిగిలేది రెండు రూపాయల పావలా. సంపద పన్ను కూడా కలిస్తే కొందరికి వచ్చిన దానికంటే కట్టేదే ఎక్కువ. ఇంతింత రేట్లు పన్ను ఎగవేతనూ నల్లడబ్బునూ పెంచుతాయి తప్ప బీదవాడి కంచంలోకి ఏమీ తేవని పాల్కీవాలా ఏటేటా వాదించారు. ప్రతి ఏడూ చట్టాన్ని మార్చేస్తుంటే కట్టేవాడికీ వసూలు చేసేవాడికీ అయోమయమేనన్నారు. శ్రోతలకు తీపి మాటలు చెప్పడం కాదిది. ఆయన వాదంతో ఏకీభవించనివాళ్లు కూడా లెక్క తప్పని చూపలేకపోయారు. ఆర్థిక మంత్రి బడ్జెట్టు ప్రసంగం ఒకటైతే పాల్కీవాలాది రెండోదని అప్పట్లో చెప్పుకునేవారు. ఫోరం ఆ ప్రసంగాలను చిన్న పుస్తకాలుగా వేసి ఊళ్లకు పంపేది, స్టేడియం చూడనివాళ్లు అలా చదువుకున్నారు.

1974లో ఆ రేటు 77 శాతానికి, 1976లో 66కి, 1985లో 50కి దిగింది. 1991 తర్వాత లైసెన్సుల రాజ్యమూ సడలింది. పాల్కీవాలా ఆఖరి బడ్జెట్టు సభ 1994లో జరిగింది. గ్రీన్స్ హోటల్ అప్పటికే లేదు, దాన్ని కూల్చి తాజ్ టవర్ కట్టారు. ఆ తర్వాత బడ్జెట్టు రాత్రి మాటలు టీవీ స్టూడియోల్లోకి వెళ్లాయి. నలుగురు నిపుణులు తలా రెండు నిమిషాలు మాట్లాడే ఆ చర్చల్లో, ఒకే మనిషి మొత్తం బిల్లును చేత్తో పట్టుకుని మామూలు జనానికి మొదటి నుంచి చివరి దాకా విప్పి చెప్పే అవకాశం మళ్లీ ఎవరికీ దొరకలేదు.